చలిలో కోట్ల శాతం: సెమీమెటళ్ల వింతలు విశేషాలు

ఊత్తంగరై పేరు దేశమంతా మోగింది ఒక్కసారే. 2024 డిసెంబరు 2 ఉదయం ఎనిమిదిన్నరతో ముగిసిన 24 గంటల్లో అక్కడ 50 సెంటీమీటర్ల వాన పడింది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా మొత్తానికి ఏడాదిలో పడే సగటు వానలో సగానికి మించినది ఒక్క రోజులో కురిసిందన్నమాట. ఫెంగల్ తుపాను తీరం దాటి, బలహీనపడి, పోతూ పోతూ ఈ తాలూకా కేంద్రం మీద కుమ్మరించింది. రోడ్డు పక్కన నిలిపిన వాహనాలు వరదలో కొట్టుకుపోవడం ఆ రోజు టీవీలో చూడనివాళ్ళు లేరు.

భూగర్భశాస్త్రం చదువుకున్నవాళ్ళకు మాత్రం ఈ ఊరు అంతకు ముందే తెలుసు. హరూరు నుంచి ఇక్కడి దాకా సాగే నేలను వాళ్ళు హరూరు–ఊత్తంగరై మాలిబ్డినం పట్టీ అంటారు. తెల్లటి పలుగురాతి చారల్లో సీసం రంగు రేకులుగా మాలిబ్డినైట్ అక్కడక్కడా మెరుస్తుంది. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. వేలికి జిడ్డుగా తగులుతుంది, కాగితం మీద రుద్దితే బూడిద రంగు మచ్చ మిగులుతుంది. పూర్వం యూరపులో దీన్నీ గ్రాఫైట్‌నూ ఒకటేనని పొరబడ్డారు. అదే జిల్లాలోని హోసూరు మెకానిక్ షెడ్లలో వాడే మోలీ గ్రీజు నల్లగా ఉండేది ఈ ఖనిజం పొడి వల్లే. 2023 నవంబరు 29న కేంద్ర ప్రభుత్వం మొదటి విడతగా 20 కీలక ఖనిజాల బ్లాకులను వేలానికి పెట్టినప్పుడు వాటిలో తమిళనాడు మాలిబ్డినం బ్లాకులు కూడా ఉన్నాయి. ఉక్కు పరిశ్రమకు కావలసిన మాలిబ్డినాన్ని మనం ఇప్పటికీ బయటి దేశాల నుంచే తెచ్చుకుంటున్నాం.

మాలిబ్డినైట్ అంటే మాలిబ్డినం, గంధకం కలిసినది. మామూలు అర్ధవాహకం, అంటే సెమీకండక్టర్. గంధకం స్థానంలో టెల్లూరియం పెట్టండి, లేదా ఫాస్ఫరస్ పెట్టండి. ఆ లోహమే మరో కులంలో చేరిపోతుంది. ఆ కులం పేరు టోపలాజికల్ సెమీమెటళ్ళు. గత పదిహేనేళ్ళలో ఘన పదార్థాల భౌతికశాస్త్రంలో వరుసపెట్టి రికార్డులు కొట్టింది ఇవే. ఈసారి వింతలు విశేషాలు అన్నీ వాటివే.

తప్పించుకోని పట్టీలు

ముందు కాస్త పాఠం. తొందరగా ముగిస్తాను.

స్ఫటికంలో తిరిగే ఎలక్ట్రాన్‌కు ఏ శక్తి పడితే ఆ శక్తి ఉండదు. అనుమతి ఉన్న శక్తులు పట్టీలు పట్టీలుగా ఉంటాయి. ఎలక్ట్రాన్ ద్రవ్యవేగాన్ని అడ్డంగా, శక్తిని నిలువుగా వేసి గీసిన బొమ్మను బ్యాండ్ స్ట్రక్చర్ అంటారు. నిండిన పట్టీకీ దాని పైనున్న ఖాళీ పట్టీకీ మధ్య ఎడం ఎక్కువైతే ఆ పదార్థం బంధకం. ఎడం తక్కువైతే సిలికాన్‌లాంటి అర్ధవాహకం. ఎడమే లేకుండా ఎలక్ట్రాన్లకు తిరగడానికి కావలసినంత చోటుంటే లోహం. రెండు పట్టీలూ అంచుల దగ్గర మాత్రమే తగులుకుంటే అది సెమీమెటల్. గ్రాఫైట్, బిస్మత్ ఈ కోవలో పాత కాపులు.

బొమ్మలో రెండు పట్టీలు ఎదురుపడితే మామూలుగా ఒకదాన్నొకటి తప్పించుకుంటాయి. కృష్ణగిరి దగ్గర ఒక హైవే ఫ్లైఓవర్ ఎక్కి రెండోదాని నెత్తి మీదుగా పోయినట్టు, వాటి మధ్య ఎడం మిగిలిపోతుంది. టోపలాజికల్ సెమీమెటల్‌లో అలా కాదు. ఊత్తంగరై ఊళ్ళోని నాలుగు రోడ్ల కూడలిలోలాగా రెండూ ఒకే మట్టంలో కలిసి తీరాలి. అక్కడ ఫ్లైఓవర్ కట్టడానికి స్ఫటికం ఒప్పుకోదు. కొన్నిటిలో అడ్డుపడేది స్ఫటిక సౌష్ఠవం. వాటిలోని కూడలిని డిరాక్ బిందువు అంటారు. మరికొన్నిటిలో అడ్డుపడేది ఒక పూర్ణాంకం, అంటే టోపాలజీ. అది వైల్ బిందువు. స్ఫటికాన్ని కాస్త వంచినా, సాగదీసినా, మలినం చేర్చినా వైల్ బిందువు పక్కకు జరుగుతుందే తప్ప పోదు. పోవాలంటే వ్యతిరేక గుర్తున్న జతగాడు వచ్చి ఢీకొట్టాలి. ఇవి ఎప్పుడూ జతలుగానే ఉంటాయని నీల్సన్, నినోమియా 1981లో లెక్క కట్టి చూపారు.

ఆ కూడలి దగ్గర శక్తి, ద్రవ్యవేగంతో పాటు సూటి గీతలో పెరుగుతుంది. అది కాంతికి ఉండే లక్షణం. అందుకే అక్కడి ఎలక్ట్రాన్ తనకు బరువే లేనట్టు ప్రవర్తిస్తుంది. కింద వచ్చే రికార్డులు చాలావరకు ఈ ఒక్క సంగతి నుంచి పుట్టినవే.

కోటీ ముప్పై లక్షల శాతం

అయస్కాంత క్షేత్రంలో పెడితే లోహాల విద్యుత్ నిరోధం కొద్దిగా పెరుగుతుంది. రాగి తీగలో ఈ పెరుగుదల అంత చెప్పుకోదగ్గది కాదు. 2014లో ప్రిన్స్‌టన్‌లో మజర్ అలీ, రాబర్ట్ కావా బృందం టంగ్‌స్టన్ డైటెల్యురైడ్ అనే స్ఫటికాన్ని కొలిచింది. 4.5 కెల్విన్ చలిలో, 14.7 టెస్లా క్షేత్రంలో నిరోధం 4,52,700 శాతం పెరిగింది. క్షేత్రాన్ని 60 టెస్లాకు, చలిని 0.53 కెల్విన్‌కు తీసుకుపోతే కోటీ ముప్పై లక్షల శాతం. అంటే ఉన్న నిరోధానికి లక్షా ముప్పై వేల రెట్లు. అంత దూరం పోయినా ఆ గీత చదునయ్యే సూచన లేదు.

ఇలాంటి కొలత ఎలా ఉంటుందో చూద్దాం. స్ఫటికం పొడవు కొన్ని మిల్లీమీటర్లు, వెడల్పు అందులో కొంత. దాని మీద వెండి పేస్టుతో నాలుగు సన్నటి బంగారు తీగలు అంటిస్తారు. బయటి రెండు తీగల గుండా విద్యుత్తు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తారు. రెండు తీగలతోనే పని కానిస్తే, అంటించిన చోటి నిరోధం కూడా లెక్కలోకి వచ్చి అసలుదాన్ని మింగేస్తుంది. 14 టెస్లా దాకా అతివాహక అయస్కాంతంతో నెమ్మదిగా పోవచ్చు. ఆసుపత్రి ఎంఆర్ఐ యంత్రంలో ఉండేది ఒకటిన్నర, మహా అయితే మూడు టెస్లా. 60 టెస్లా కావాలంటే పెద్ద కెపాసిటర్ల గుంపును ఒక్కసారిగా తీగచుట్టలోకి ఖాళీ చేయాలి. ఆ క్షేత్రం సెకనులో కొన్ని వందో వంతుల కాలం నిలుస్తుంది. కొలత అంతా అందులోనే అయిపోవాలి.

మరుసటి ఏడాది డ్రెస్డెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో చంద్రశేఖర్, క్లాడియా ఫెల్సర్, బింగ్‌హాయ్ యాన్ తదితరులు నియోబియం ఫాస్ఫైడ్‌తో ముందుకొచ్చారు. 1.85 కెల్విన్ దగ్గర, 9 టెస్లాకే ఎనిమిదిన్నర లక్షల శాతం! పత్రికలు ఈ అంకెనే పట్టుకున్నాయి. అదే వ్యాసం సారాంశంలో, అదే వాక్యంలో, ఇంకో అంకె కూడా ఉంది. గది ఉష్ణోగ్రతలో పెరుగుదల 250 శాతం. ఎనిమిదిన్నర లక్షలు ఎక్కడ, రెండు వందల యాభై ఎక్కడ! నన్నడిగితే ఈ రంగంలో ఏ రికార్డు గురించి చదివినా మొదట చూడాల్సింది ఎంత చలిలో, ఎన్ని టెస్లాలో అన్నదే. అది రాయని వార్తను నమ్మనక్కరలేదు.

2017లో టంగ్‌స్టన్ డైఫాస్ఫైడ్ వచ్చి పాతవాటన్నిటినీ పక్కకు నెట్టింది. 2.5 కెల్విన్, 63 టెస్లా దగ్గర ఇరవై కోట్ల శాతం. కొలిచింది అదే డ్రెస్డెన్ సంస్థ, వ్యాసంలో మొదటి పేరు నితేశ్ కుమార్. క్షేత్రం లేనప్పుడు, 2 కెల్విన్‌లో దాని విశిష్ట నిరోధం 3 నానో ఓమ్ సెంటీమీటర్లు. గది ఉష్ణోగ్రతలో రాగికి ఇది 1,680 దాకా ఉంటుంది. అయితే బాగా శుద్ధి చేసిన రాగిని కూడా అంత చలిలో పెడితే నిరోధం వందల రెట్లు పడిపోతుంది. పోటీ పెడితే ఇద్దరినీ ఒకే చలిలో నిలబెట్టాలి. రాగిలో ప్రవాహాన్ని మోసే ఎలక్ట్రాన్లతో పోలిస్తే ఈ స్ఫటికంలో అవి తక్కువ, అయినా నిరోధం ఇంత తక్కువ. వింత అక్కడుంది.

మాలిబ్డినం తమ్ముడు మాలిబ్డినం ఫాస్ఫైడ్‌ది 2 కెల్విన్‌లో 6 నానో ఓమ్ సెంటీమీటర్లు. ఇందులో పట్టీలు రెండు రెండుగానో, నాలుగు నాలుగుగానో కలవవు, మూడేసి కలుస్తాయి. విశ్వంలో ఎక్కడా విడిగా కనబడని ఈ మూడింటి కలయికను 2017లో బీజింగ్ శాస్త్రజ్ఞులు ఇందులోనే చూశారు.

ఇంతకీ నిరోధం ఎందుకంతగా పెరుగుతుంది? మొదట అందరూ చెప్పింది ఒకటే. సెమీమెటల్‌లో ఎలక్ట్రాన్లు, రంధ్రాలు (నిండిన పట్టీలో ఏర్పడే ఖాళీలు) సరిసమానంగా ఉంటే నిరోధం క్షేత్రం వర్గంతో పెరుగుతూ పోతుందని. టంగ్‌స్టన్ డైటెల్యురైడ్‌కు ఈ వివరణ బాగా కుదిరింది. మాలిబ్డినం డైటెల్యురైడ్ మాత్రం మాట వినలేదు. అప్పట్లో బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్న సెట్టి తిరుపతయ్య, డి.డి. శర్మ బృందం 2017లో దాని పట్టీలను నేరుగా కొలిచి, ఇందులో ఆ సమానత్వం లేదనీ, అయినా నిరోధం భారీగా పెరుగుతోందనీ తేల్చింది. హోసూరు నుంచి సిటీ బస్సులో పోగలిగేంత దూరంలో జరిగిన ఈ పని రికార్డు కొట్టలేదు. రికార్డులకు చెప్పిన కారణాన్ని ప్రశ్నించింది. ఇలాంటివి పత్రికల్లో రావు, వస్తే బాగుండేది.

మాలిబ్డినం డైటెల్యురైడ్ తయారీలో ఒక తమాషా ఉంది. గాలి తీసేసి మూసిన క్వార్ట్జ్ గొట్టంలో రెండు మూలకాలూ వేసి కొలిమిలో వెయ్యి డిగ్రీల దాపుల్లో ఉంచుతారు. గొట్టాన్ని కొలిమిలోనే వదిలేసి నిదానంగా చల్లారనిస్తే చేతికొచ్చేది మామూలు అర్ధవాహకం. ఎర్రగా కాలుతున్న గొట్టాన్ని తీసి ఒక్కసారిగా నీళ్ళలో ముంచితే సెమీమెటల్. వస్తువులు అవే, పాళ్ళు అవే. సెమీమెటల్ రకాన్ని సుమారు 250 కెల్విన్ కిందికి దించితే పరమాణువుల అమరికలో కేంద్ర సౌష్ఠవం చెదిరి వైల్ బిందువులు పుట్టుకొస్తాయి. ఇంకా కిందికి, 0.1 కెల్విన్‌కు దించితే నిరోధం మొత్తంగా మాయమై అతివాహకం అవుతుంది.

86 ఏళ్ళ నిరీక్షణ, మధ్యలో కోలారు

హెర్మన్ వైల్ 1929లో ఒక సమీకరణం రాశాడు. బరువు లేని, ఎడమవాటమో కుడివాటమో ఏదో ఒకటే ఉండే కణాన్ని అది వర్ణిస్తుంది. అలాంటి కణం ఉందా? చాలా దశాబ్దాలు అందరి చూపూ న్యూట్రినో మీదే. దానికి బరువు లేదనుకున్నారు, వాటం ఒకటేనని ప్రయోగాల్లో తేలింది కూడా.

ఇక్కడ కథ మన వైపు తిరుగుతుంది. వాతావరణంలో పుట్టి నేలలోకి దూసుకొచ్చే న్యూట్రినోలను మొదట పట్టుకున్న చోట్లలో కోలారు బంగారు గనులు ఒకటి. కుప్పం అవతల, ఊళ్ళో సగం తెలుగూ సగం తమిళమూ వినబడే చోటు. చాంపియన్ రీఫ్ గనిలో నేలకు 2.3 కిలోమీటర్ల కింద టాటా పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయాల వాళ్ళు పరికరాలు పెట్టుకు కూర్చున్నారు. పైనున్న రాయి మిగతా విశ్వకిరణాలను దాదాపు అన్నిటినీ ఆపేస్తుంది. అడ్డు లేకుండా వచ్చేది న్యూట్రినో. 1965లో అది చిక్కింది. దాదాపు అదే నెలల్లో దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకో బృందానికీ చిక్కింది. ముందుగా అచ్చులోకి వచ్చింది కోలారు ఫలితం.

వైల్ కణం కోసం వెతికిన చరిత్రలో న్యూట్రినోది విషాద పాత్ర. 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకండే ప్రయోగం న్యూట్రినోకు ఎంతో కొంత బరువు ఉందని తేల్చింది. దాంతో అది పోటీ నుంచి తప్పుకుంది. వైల్ సమీకరణానికి సొంతదారు లేకుండా పోయాడు.

కణాల్లో దొరకనిది స్ఫటికాల్లో దొరకవచ్చన్న ఊహ ఈలోగా చిగురించింది. రెండు పట్టీలు యాదృచ్ఛికంగా ఒక బిందువులో కలవవచ్చని కాన్యర్స్ హెరింగ్ 1937లోనే రాసిపెట్టాడు. 2011లో షియాంగాంగ్ వాన్, ఆరీ టర్నర్, అశ్విన్ విశ్వనాథ్, సెర్గెయ్ సవ్రసోవ్ ఇరిడియం ఆక్సైడుల్లో ఆ కలయిక ఉండవచ్చని లెక్క కట్టారు. కాన్పూరు ఐఐటీలో చదివిన విశ్వనాథ్ అప్పుడు బర్కిలీలో ఉన్నారు. స్ఫటికం పైతలం మీద ఒక విచిత్రం కనబడాలని కూడా వాళ్ళే చెప్పారు. మామూలు లోహంలో ఎలక్ట్రాన్ల ఎల్లను సూచించే గీత ఎప్పుడూ మూసుకున్న వలయం. వైల్ సెమీమెటల్ పైతలం మీద ఆ గీత ఒక బిందువు దగ్గర మొదలై ఇంకో బిందువు దగ్గర తెగిపోవాలి. దానికి ఫెర్మి చాపం అని పేరు. తెగిన గీతకు మిగతా భాగం ఎక్కడుందంటే, స్ఫటికానికి అడుగు తలం మీద.

ఈ స్ఫటికాల్లో విద్యుత్తు ఎలా ప్రవహిస్తుందో 2012లో లెక్క కట్టి రాసిన ముగ్గురిలో మొదటి పేరు పవన్ హోసూర్. ఇప్పుడు అమెరికాలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఈ విషయం మీద ఏ సమీక్షా వ్యాసం తెరిచినా ఆ ఇంటిపేరు కనబడుతుంది. హోసూరు పాఠకులు ఒకింత గర్వపడినా ఎవరూ అడ్డుచెప్పరు.

2015లో తీర్పు వచ్చింది. ప్రిన్స్‌టన్‌లో జహీద్ హసన్ బృందం, బీజింగ్‌లో హాంగ్ డింగ్ బృందం టాంటలం ఆర్సెనైడ్ స్ఫటికం మీద కాంతి పుంజం కొట్టి, బయటికొచ్చిన ఎలక్ట్రాన్ల శక్తినీ కోణాన్నీ కొలిచి, పట్టీల బొమ్మను నేరుగా తీశారు. బొమ్మలో తెగిన గీతలు స్పష్టంగా ఉన్నాయి. లోపల వైల్ బిందువులూ ఉన్నాయి, మొత్తం 24, అంటే 12 జతలు. అదే ఏడాది ఎంఐటీలో కాంతి కోసం కట్టిన కృత్రిమ స్ఫటికంలోనూ వైల్ బిందువులు కనబడ్డాయి. 1929కి, 2015కి మధ్య 86 ఏళ్ళు. ఇంకో యాదృచ్ఛికం: న్యూట్రినోకు బరువుందని తేల్చినవారికి నోబెల్ ప్రకటించింది కూడా 2015లోనే. పాత అభ్యర్థి పోటీలో లేడన్నది నోబెల్ స్థాయిలో ఖాయమైన ఏడాదే కొత్తవాడు గద్దెనెక్కాడు.

టాంటలం ఆర్సెనైడ్‌కు కావలసిన టాంటలం, పైన చెప్పిన నియోబియం ఫాస్ఫైడ్‌కు కావలసిన నియోబియం, ఈ రెండు లోహాలనూ హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం ప్రత్యేక పదార్థాల విభాగంలో శుద్ధి చేసి తయారుచేస్తారు.

వేగంలో, నిదానంలో, చలిలో

కాడ్మియం ఆర్సెనైడ్: ఎలక్ట్రాన్ల చలనశీలతలో మేటి. 5 కెల్విన్ దగ్గర 90 లక్షల చదరపు సెంటీమీటర్లు వోల్టు సెకనుకు. సెంటీమీటరుకు ఒక వోల్టు పెడితే గది ఉష్ణోగ్రతలో సిలికాన్ ఎలక్ట్రాన్ సెకనుకు పద్నాలుగు మీటర్లు సాగుతుంది. ఈ లెక్కన ఇందులోనిది తొంభై కిలోమీటర్లు సాగాలి. రెండు మూలకాలూ విషాలే కాబట్టి ఇంట్లో ప్రయత్నించకండి.

నిదానానికి సీరియం, బిస్మత్, పల్లేడియం కలిసిన ఒక సమ్మేళనం. వియన్నాలో కొలిచారు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పట్టి లాగడంతో ఇందులోని వైల్ కణాలు మామూలు వైల్ సెమీమెటళ్ళలోకంటే వెయ్యి రెట్లు నెమ్మది.

జిర్కోనియం సిలికాన్ సల్ఫైడ్‌లో పట్టీలు బిందువులో కాక గీత పొడవునా కలుస్తాయి. సూటి గీత 2 ఎలక్ట్రాన్ వోల్టుల మేర సాగుతుంది. చాలా సెమీమెటళ్ళలో ఇది ఇంతకంటే బాగా తక్కువ. ఈ స్ఫటికంలోనే 2024 డిసెంబరులో ఇంకో వింత ప్రకటించారు: ఒక దిక్కున పోతే బరువు లేకుండా, దానికి అడ్డంగా పోతే బరువుతో ప్రవర్తించే ఎలక్ట్రాన్లు.

చలిలో రికార్డు మన దేశానిది. బిస్మత్ పాత సెమీమెటల్, లక్ష పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరిగితే గొప్ప. అంత పలచటి జనాభాతో అతివాహకం కావడం కుదరదని అందరూ తీర్మానించుకున్నారు. ముంబయి టాటా పరిశోధన సంస్థలో ఓం ప్రకాశ్, అనిల్ కుమార్, తమిళ్‌వేల్, ఎస్. రామకృష్ణన్ శుద్ధమైన బిస్మత్ స్ఫటికాన్ని దింపుతూ, దింపుతూ పోయారు. 0.00053 కెల్విన్ దగ్గర అది అతివాహకమైంది. కష్టం చలి ఒక్కటే అయితే సరే. ఆ స్థితి 5.2 మైక్రోటెస్లా క్షేత్రానికే చెదిరిపోతుంది. దిక్సూచి ముల్లును తిప్పే భూమి క్షేత్రం దానికి ఏడెనిమిది రెట్లు. అంటే స్ఫటికాన్ని భూమి నుంచే దాచిపెట్టి కొలవాలి. పొరలు పొరలుగా కవచాలు చుట్టి ఆ పని చేశారు. ఈ ఫలితం సైన్స్ పత్రికలో 2017లో అచ్చయింది.

చెదరని అంకెలు: 4, 8, 230

పైన చెప్పిన శాతాలు, వేగాలు అన్నీ రేపో మాపో ఎవరో ఒకరు దాటేసేవే. స్ఫటికం ఇంకాస్త శుద్ధమైతే చాలు. ఈ రంగంలో దాటలేని రికార్డులు వేరే ఉన్నాయి. అవి కొలిచేవి కావు, లెక్కపెట్టేవి. నాకు ఎక్కువ నచ్చేవి ఇవే.

వైల్ బిందువుకు ఉండే పూర్ణాంకం మామూలుగా 1. ఎక్కువ పట్టీలు కలిసే బిందువుల్లో అది 4 దాకా పోతుంది. పల్లేడియం, గాలియం కలిసిన స్ఫటికంలో ఆ గరిష్ఠాన్ని 2020లో చూశారు. నీల్స్ ష్రోటర్ బృందం ఎడమవాటం స్ఫటికాన్నీ, దాని ప్రతిబింబమైన కుడివాటం స్ఫటికాన్నీ రెండింటినీ కొలిచింది. గుర్తు తిరగబడింది, అంకె మాత్రం నాలుగే. ఈ కోవకే చెందిన కోబాల్ట్ సిలిసైడ్, రోడియం సిలిసైడ్ పైతలాల మీద ఫెర్మి చాపాలు ద్రవ్యవేగపు బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరి దాకా సాగుతాయి. అంతకంటే పొడుగు చాపానికి చోటే లేదు.

ఒకే బిందువులో ఎన్ని పట్టీలు కలవవచ్చు? స్పిన్‌ను లెక్కలోకి తీసుకుంటే ఎనిమిది, అంతకు మించి కుదరదు. ఇది ఎలా తెలిసిందంటే, స్ఫటికాలు ఎన్ని రకాల సౌష్ఠవాలతో ఉండగలవో 1891లోనే లెక్క తేలింది కనుక. మొత్తం 230. ఫెదరోవ్, షోన్‌ఫ్లీస్ ఎవరికి వారే కనుక్కున్నారు. ఒక్కొక్క సౌష్ఠవానికీ సమూహ గణితం వేసి చూస్తే పట్టీలు ఎక్కడ కలవాలో ముందే తెలిసిపోతుంది.

ఈ సమూహ గణితం దగ్గర తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. 1948లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒక పుస్తకం అచ్చేసింది: థియరీ ఆఫ్ గ్రూప్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్ టు ఫిజికల్ ప్రాబ్లెమ్స్. రాసింది కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, గణితజ్ఞుడు టి. వెంకటరాయుడు. స్ఫటికంలో అణువుల కంపనాలకూ, రామన్ వర్ణపటాలకూ సౌష్ఠవ గణితాన్ని ఎలా వాడాలో భౌతికశాస్త్ర విద్యార్థికి నేర్పే పుస్తకం అది. ఇరవయ్యేళ్ళ తర్వాత విదేశీ ప్రచురణకర్తలు మళ్ళీ అచ్చేశారు. భగవంతం ఎలక్ట్రాన్ పట్టీల జోలికి పోలేదు. పట్టీలకు ఆ గణితాన్ని విగ్నర్ తదితరులు 1936లోనే వాడారు. కానీ ఇవాళ ఎనిమిది, ఆరు, మూడు అని తేల్చే లెక్కకు కావలసిన పనిముట్లు తెలుగునేల మీద అప్పుడే అచ్చు రూపంలో ఉన్నాయి. ఉస్మానియాకు ఉపకులపతిగా, ఐఐఎస్‌సీ సంచాలకుడిగా, రక్షణశాఖ సలహాదారుగా ఆయన పేరు అందరూ చెప్పుకుంటారు. ఈ పుస్తకం పేరు చెప్పుకునేవాళ్ళు తక్కువ.

బెంగళూరుదీ ఒక వాటా ఉంది. వైల్ బిందువు చుట్టూ తిరిగి వస్తే ఎలక్ట్రాన్ తరంగంలో వచ్చే కోణం మార్పును మైకేల్ బెర్రీ పేరుతో పిలుస్తారు. ఆయన వ్యాసం 1984ది. అలాంటి కోణం మార్పునే కాంతిలో 1956లో కనుక్కున్నవాడు రామన్ సంస్థలోని ఎస్. పంచరత్నం. అప్పటికి వయసు 22. సి.వి. రామన్‌కు మేనల్లుడి వరస. 35 ఏళ్ళకే పోయాడు. రామన్ సంస్థలోని ఎస్. రామశేషన్, రాజారాం నిత్యానంద ఆ పాత వ్యాసాన్ని వెలికితీశాక, బెర్రీ స్వయంగా 1987లో ఆ పని గురించి రాసి ఆ ఘనతను పంచరత్నానికి అప్పగించాడు.

అరుదు కాదట

వైల్ బిందువు కోసం 86 ఏళ్ళు వెతికిన లోకానికి 2019లో ఒక షాక్. అప్పటిదాకా అమరిక బాగా తెలిసిన 26,938 సమ్మేళనాలను కంప్యూటర్‌తో జల్లెడ పడితే 4,078 టోపలాజికల్ సెమీమెటళ్ళు, 3,307 టోపలాజికల్ బంధకాలు తేలాయి. 2022లో మైయా వెర్నియోరీ, ఆండ్రీ బెర్నెవిగ్ బృందం జల్లెడను అయస్కాంతత్వం లేని సమ్మేళనాలన్నిటికీ పెంచింది. 52.65 శాతం పదార్థాలు టోపాలజీ గలవే. ఏదో ఒక పట్టీలో అయినా ఆ లక్షణం ఉన్నవి 87.99 శాతం. లేనివే మైనారిటీ. అరుదైనదని గొప్పగా చెప్పుకున్నది అడుగడుగునా ఉందన్నమాట, చూడటం తెలియలేదు.

ఇన్ని రికార్డుల్లో అన్నిటికంటే చిన్న అంకె ఉన్న ఒకటి మిగిలింది. పెద్దది అదే అంటాను. చిప్పుల్లో రాగి తీగలు సన్నబడేకొద్దీ నిరోధం పెరుగుతుంది. తలానికి తగిలి ఎలక్ట్రాన్లు చెదిరిపోతాయి. ఫోన్ వేడెక్కడానికి ఇదీ ఒక కారణమే. 2025 జనవరిలో స్టాన్‌ఫర్డ్‌లో అసిర్ ఇంతిసార్ ఖాన్, ఎరిక్ పాప్ బృందం నియోబియం ఫాస్ఫైడ్ పొరను ఒకటిన్నర నానోమీటర్ల మందానికి పలచబరిచింది. నిరోధం పెరగలేదు, తగ్గింది. 34 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు. అంత పలచటి రాగి పొరది దీనికి మూడింతలు. ప్రవాహం ఎక్కువగా పైతలం మీదుగా నడవడమే కారణం. పొర చక్కటి స్ఫటికం కూడా కాదు; 400 డిగ్రీల్లో, చిప్పు కర్మాగారాలు తట్టుకునే వేడిలో వేశారు. చలి అక్కరలేదు, అయస్కాంతం అక్కరలేదు, గదిలో పెట్టి కొలిచారు.

ఆ జల్లెడ పట్టిన జాబితా, టోపలాజికల్ మెటీరియల్స్ డేటాబేస్, ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితం. ఊత్తంగరై, బర్గూరు, హోసూరు ప్లస్ టూ పిల్లలకు, వాళ్ళ ఫిజిక్స్ మాస్టర్లకు ఒక మనవి: అందులో మాలిబ్డినం, టెల్లూరియం అని రెండు మూలకాలను ఎంచుకుని వెతకండి. మీ తాలూకా పేరు మీదున్న లోహం పట్టీలు ఎక్కడ కలుస్తాయో తెర మీద గీతలుగా వస్తుంది.